మంచురంగు వాచీ కొనేముందు

డిసెంబరు వచ్చిందంటే షాపుకు వచ్చేవాళ్ళ చేతిలో ఫోను, ఆ ఫోనులో ఒక వాచీ బొమ్మ. తెల్లటి డయల్, లేకపోతే లేత నీలం, కాకపోతే వెండి కలిసిన బూడిదరంగు. "ఇదే కావాలండీ" అంటారు. ఆ బొమ్మ చూసి కొనవద్దని చెప్పడంతో నా పని మొదలవుతుంది. హైదరాబాదులో ఖరీదైన వాచీలు అమ్మే షాపులో పనిచేస్తున్నాను. అంతకుముందు చాలాకాలం రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. అందుకే ఏ వాచీనైనా ముందు ఐగ్లాసు, అంటే కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం, పెట్టి చూస్తాను, ధర సంగతి తరవాత.

ఎర్ర డయల్ ఎక్కడ చూసినా ఎరుపే. మంచు రంగులు అలా కావు. తెలుపు, వెండి, పొగమంచు బూడిద, గడ్డకట్టిన నీటి లేత నీలం: వీటిలో రంగు పాలు తక్కువ, ఉపరితలం పాలు ఎక్కువ. డయల్ ఎంత నునుపు, ఎంత గరుకు, పైన ఎన్ని పూతలు ఉన్నాయి అన్నదాన్ని బట్టి అవి చుట్టూ ఉన్న వెలుగును పట్టుకుని మనకు తిప్పి ఇస్తాయి. షోరూము పసుపు దీపాల కింద తెలుపు కాస్త మీగడరంగుకు దిగుతుంది, లేత నీలం బూడిదకు తిరుగుతుంది. ఫోను కెమెరా ఎదుట ఉన్న తెలుపును తనంతట తానే సరిచేసుకుంటుంది. కాబట్టి బొమ్మలో మీరు చూసేది కెమెరా అభిప్రాయం మాత్రమే.

చేయాల్సిన పని ఇది. షోరూములో వాచీ చేతికి పెట్టుకుని ఒకసారి చూడండి. తరవాత గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఎండ నేరుగా పడని నీడలో చూడండి. రంగు అసలు రూపం అక్కడ తెలుస్తుంది. మా షాపుల్లో వాచీతో పాటు ఒక మనిషిని తోడు పంపుతారు, అది మర్యాదే అనుకోండి, నొచ్చుకోవద్దు. గుమ్మం దాకా కూడా తీసుకెళ్ళనివ్వకపోతే ఆ షాపును వదిలేయండి. చివరగా చేతిని కౌంటరు కిందికి, చీకటి వైపు దించి టైము చదవండి. ఈ చివరి పరీక్షలో చాలా అందమైన వాచీలు తప్పుతాయి. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

వీలైతే ఉదయం పూట రండి. మార్గశిర, పుష్య మాసాల ఎండ పక్కవాటుగా పడుతుంది. డయల్ మీది గరుకు ఆ వెలుగులో లేచి కనిపించినంత బాగా వేసవి మిట్టమధ్యాహ్నం కనిపించదు. మబ్బు పట్టిన రోజైతే గరుకు అణిగిపోయి నీలం ఛాయ పైకి వస్తుంది. రెండూ చూసినవాళ్ళకు తమకేది కావాలో తెలిసిపోతుంది.

తెల్ల రంగు వాడని తెలుపు

ఈ జాతిలో ఒక్కటే వాచీ చూపించమంటే నేను గ్రాండ్ సీకో ఎస్‌బిజిఎ211 తీస్తాను. నంబరు ఎవరికీ గుర్తుండదు, స్నోఫ్లేక్ అంటే అందరికీ తెలుస్తుంది. జపాన్‌లోని నగానో ప్రాంతంలో, షియోజిరి అనే ఊళ్ళో ఉన్న షిన్షూ స్టూడియోలో తయారవుతుంది. ఆ చుట్టుపక్కల నుంచి కనిపించే హొతకా పర్వతాల మీద గాలికి గట్టిపడిన మంచు దీని డయల్‌కు మూలం.

ఐగ్లాసు పెట్టి చూడండి, షాపువాళ్ళను అడిగితే ఇస్తారు. ముగ్గుపిండి నేల మీద జారవిడిచి అరచేత్తో మెల్లగా తుడిస్తే మిగిలే గరుకు లాంటిది డయల్ నిండా ఉంటుంది. గీతలు ఒక దిక్కున లేవు, ఏ రెండు చోట్లా ఒకేలా లేవు. చేయి కొంచెం వంచితే ఒక పక్క మెరుపు అణిగి, ఇంకో పక్క లేస్తుంది. ఇంత చేసీ ఇందులో తెల్ల రంగు వాడలేదు. పలక మీద అచ్చుతో ఎగుడుదిగుళ్ళు ఒత్తి, వెండి పూత వేసి, దాని మీద పారదర్శకమైన పూత పెడతారు. తెలుపు అని మనకు తోచేదంతా వెండి మీద వెలుగు చెదరడం వల్ల వచ్చిందే. సున్నపు తెలుపు డయల్ పక్కన పెట్టి చూస్తే తేడా చెప్పనక్కర్లేదు.

ఆ తెలుపు మీద కంటికి ఆనే రంగు ఒక్కటే, సెకన్ల ముల్లు నీలం. అది కూడా పెయింటు కాదు. ఉక్కును సుమారు 300 డిగ్రీల దాకా వేడి చేస్తే పైన పల్చటి ఆక్సైడ్ పొర పట్టి నీలంగా కనిపిస్తుంది. ముందు గడ్డిపసుపు వస్తుంది, తరవాత గోధుమ, ఆపైన ఊదా, చివరికి నీలం. నీలం దగ్గర పట్టుకోకపోతే అదీ పోయి బూడిద మిగులుతుంది. రిపేరు బల్ల మీద చేసేటప్పుడు ఇత్తడి రజను పోసిన చిన్న పళ్ళెంలో ముల్లును పడుకోబెట్టి, కింద స్పిరిటు దీపం పెడతారు. రజను వల్ల వేడి అన్ని వైపులా సమానంగా తగులుతుంది. ఆ కొద్ది క్షణాలూ చేసేవాడు కన్నార్పడు. ఎదురుగా నిలబడి ఏదైనా అడిగినా జవాబు రాదు.

ఆ ముల్లు నడక కూడా చూడాలి. టిక్కు టిక్కుమని కొట్టుకోదు, జారుతూ పోతుంది. స్ప్రింగ్ డ్రైవ్ అనే ఈ పద్ధతిలో శక్తి అంతా మామూలు కీ వాచీలో లాగే చుట్టిన స్ప్రింగు నుంచే వస్తుంది, బ్యాటరీ ఉండదు. చివర ఉన్న చిన్న చక్రం సెకనుకు 8 సార్లు తిరుగుతూ కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో పనిచేసే క్వార్ట్జ్ స్ఫటికం, ఆ చక్రానికి అయస్కాంతంతో బ్రేకు వేస్తూ వేగాన్ని అదుపులో పెడుతుంది. నెలకు 15 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ మాట. ఒకసారి నిండా కీ ఇస్తే 72 గంటలు నడుస్తుంది. పాతది కొనేవాళ్ళకు ఇందులో ఒక సులువు ఉంది: స్నోఫ్లేక్ అని అమ్మజూపిన వాచీలో సెకన్ల ముల్లు టిక్కుమంటూ గెంతితే ఇంకేమీ చూడనక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంకొకటి, 12 గంటల దగ్గర సీకో పేరు ఉండి కింద గ్రాండ్ సీకో ఉంటే అది పాత ఎస్‌బిజిఎ011. 2017లో గ్రాండ్ సీకో విడి బ్రాండుగా మారాక ఆ పేరు తీసేసి ఈ కొత్త నంబరు ఇచ్చారు. పాతదైనంత మాత్రాన తక్కువది కాదు.

లోపాలూ చెప్పాలి కదా. చీకట్లో వెలిగే పూత లేదు. చైను కొక్కెంలో అప్పటికప్పుడు వదులు చేసుకునే ఏర్పాటు లేదు. అయిదు లక్షల పైమాటే అయిన వాచీకి ఇది నాకు నచ్చని సంగతి.

అదే కంపెనీలో ఇంకొన్ని మంచు డయళ్ళు ఉన్నాయి. ఎస్‌బిజిఎ407లో అదే గరుకు లేత నీలంలో వస్తుంది. ఎస్‌బిజిఎ415 బూడిదరంగుది. జపానువాళ్ళ సంప్రదాయ పంచాంగంలో ఏడాదికి 24 భాగాలు, వాటిలో డిసెంబరు మొదటి వారాన వచ్చే భారీ మంచు భాగం పేరు, తైసెత్సు, దీనికి పెట్టారు. ఎస్‌ఎల్‌జిహెచ్005 మంచు కాదు, తెల్ల బర్చ్ చెట్టు బెరడు. అయినా దూరం నుంచి చూస్తే చలికాలమే గుర్తొస్తుంది. 2021లో జెనీవా గ్రాండ్ ప్రీ అనే వాచీల పోటీలో పురుషుల వాచీ బహుమతి దానికే వచ్చింది.

నాకు మనసు లాగేది మాత్రం ఎస్‌బిజివై007. షిన్షూ దగ్గరే సువా సరస్సు ఉంది. గట్టి చలి పడిన ఏడాది ఆ సరస్సు గడ్డకట్టి, పగలూ రాత్రీ వేడిమి తేడాకు మంచు పగిలి, పగుళ్ళ వెంట పెళ్ళలు లేచి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గట్టులా నిలుస్తాయి. దేవుడు సరస్సు దాటి వెళ్ళిన దారి అని అక్కడివాళ్ళ నమ్మకం, దాన్ని ఒమివతారి అంటారు. అక్కడి ఆలయ పూజారులు 1443 నుంచి ఏ ఏడాది అది వచ్చిందీ, ఏ ఏడాది రానిదీ రాసిపెడుతూ వస్తున్నారు. ఈమధ్య సరస్సు గడ్డకట్టని ఏడాదులే ఎక్కువ. ఆ పగుళ్ళనే లేత నీలం డయల్ మీదికి తెచ్చారు. వెడల్పు 38.5 మిల్లీమీటర్లే కావడంతో మన చేతులకు సరిగ్గా కూర్చుంటుంది. ఆటోమేటిక్ కాదు, చేత్తో కీ ఇవ్వాలి. అది బరువనుకునేవాళ్ళు దీని జోలికి పోవద్దు.

లేత నీలంతో జాగ్రత్త

రోలెక్స్‌లో ఐస్ బ్లూ అని పిలిచే లేత నీలం డయల్‌కు ఒక నియమం ఉంది. ఆ రంగు ప్లాటినం వాచీలకే ఇస్తారు. డే-డేట్ అనే మోడల్ ప్లాటినం వాచీలో ఉంటుంది. డేటోనా అనే ఇంకో మోడల్‌కు 50 ఏళ్ళు నిండిన 2013లో వచ్చిన ప్లాటినం డేటోనాలో ఉంటుంది, దాని చుట్టూ గోధుమరంగు సిరామిక్ అంచు. ధర అర కోటి దాటుతుంది. కాబట్టి ఎవరైనా స్టీలు రోలెక్స్‌లోనో, బంగారు డే-డేట్‌లోనో ఐస్ బ్లూ డయల్ చూపించి "చాలా అరుదైనదండీ" అంటే, అది ఎవరో తరవాత మార్చిన డయల్ అని అర్థం. అరుదైన మాట నిజమే, కంపెనీయే చేయలేదు కదా. చేతిలో పట్టుకున్నా తెలుస్తుంది. స్టీలు సాంద్రత నీటికి 8 రెట్లయితే ప్లాటినానిది 21 రెట్లు, బంగారం కంటే కూడా ఎక్కువ. చేయి కిందికి లాగేస్తుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకు ఆ బరువు సుఖం కాదని ముందే చెబుతాను, కొనగలిగేవాళ్ళు ఆ మాట వినిపించుకోరు.

ప్లాటినంలో రంగు కూడా వద్దు, లోహమే చాలు అనుకునేవాళ్ళకు వషెరాన్ కాన్‌స్టాంటిన్ అనే స్విస్ కంపెనీలో ఎక్సలెన్స్ ప్లాటీన్ వరస ఉంది. కేసూ డయలూ కూడా ప్లాటినమే, బెల్టు కుట్టిన దారంలో కూడా ప్లాటినం తీగ కలుపుతారు. మెరుపు లేని బూడిద తెలుపు. పక్కన కూర్చున్నవాడికి అది ఏమిటో తెలియనే తెలియదు. అది కావాలనుకునేవాళ్ళ కోసమే చేశారు.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళు లేత నీలాన్ని వదులుకోనవసరం లేదు. టిస్సో పిఆర్ఎక్స్‌లో 80 గంటలు నడిచే ఆటోమేటిక్, ఇదే ఛాయలో, లక్ష లోపే దొరుకుతుంది. మొదటి మంచి వాచీగా నేను మొహమాటం లేకుండా చూపిస్తాను.

ముళ్ళు కనిపించాలి

కౌంటరు కింద టైము చదవమన్నాను కదా. వెండి డయల్ మీద వెండి ముళ్ళుంటే సాయంత్రం ఆరు దాటాక రెండూ కలిసిపోతాయి. గ్రాండ్ సీకో ముళ్ళకు అంచులు అద్దంలా చెక్కుతారు కాబట్టి కొద్దిపాటి వెలుగున్నా ఒక అంచు మెరిసి దారి చూపిస్తుంది. తక్కువ ధర వాచీల్లో ఆ చెక్కడం ఉండదు, అక్కడ నల్ల ముళ్ళో నీలం ముళ్ళో ఉన్నవి ఎంచుకోండి.

చీకట్లోనూ చూడాలి, మంచు తెలుపూ కావాలి అంటే రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్ 2 తెల్ల డయల్ ఉంది. అభిమానులు పోలార్ అంటారు. 1971లో ఈ వరస మొదలైనప్పుడు గుహల్లో తిరిగేవాళ్ళ కోసం చేశారు, పగలో రాత్రో తెలియని చోట చూసుకోవడానికి 24 గంటల ముల్లు విడిగా పెట్టారు. తెల్ల డయల్ 1980లలో చేరింది. ఇప్పటి 42 మిల్లీమీటర్ల వాచీలో ముళ్ళ చుట్టూ, గుర్తుల చుట్టూ నల్ల అంచు, లోపల చీకట్లో నీలంగా వెలిగే పూత, 24 గంటల ముల్లు నారింజ. డయల్ మాత్రం చదునైన తెలుపు. ఐగ్లాసు కింద చూడటానికి ఏమీ ఉండదు, దూరం నుంచి మాత్రం దానంత స్పష్టంగా టైము చెప్పేది అరుదు.

మన చేతికి

"మన రంగుకు తెలుపు నప్పదు" అని షాపులో పెద్దవాళ్ళు అనడం తరచూ వింటాను. ఎవరు పుట్టించారో తెలియదు గానీ అంతకంటే తప్పు మాట లేదు. చామనఛాయ చేతి మీద వెండి తెలుపు కనిపించినంత నిండుగా పాలిపోయిన చేతి మీద కనిపించదు. లేత నీలం విషయంలో కొంచెం చూసుకోవాలి. ఆకుపచ్చ కలిసిన నీలం నల్లటి చేతి మీద మురికిగా తోచవచ్చు, బూడిద కలిసిన నీలం బాగుంటుంది.

సంక్రాంతికి అల్లుడికి పెడదామని వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అడిగిన మాట వేరు. "తెల్లది మాపు పట్టదా బాబూ?" "డయల్ అద్దం కింద ఉంటుందమ్మా, మాపు పట్టేది చైనుకే. మెత్తటి బ్రష్షుతో సబ్బునీళ్ళు చాలు" అన్నాను. "అయితే చైను నల్లది ఇవ్వు" అంది. అల్లుడికి ఇచ్చేటప్పుడు ముందు అతని మణికట్టు కొలత తెలుసుకుని రండి, అతనికి చెప్పకుండా తెలుసుకోవడం మీ అమ్మాయి పని.

కొలత ముఖ్యం, ఎందుకంటే తెల్ల డయల్ అదే కొలత నల్ల డయల్ కంటే పెద్దగా కనిపిస్తుంది. స్నోఫ్లేక్ 41 మిల్లీమీటర్లు, పైకొన నుంచి కిందికొనకు 49, మందం 12.5. మణికట్టు చుట్టుకొలత ఆరున్నర అంగుళాల లోపు ఉన్నవాళ్ళు అద్దంలో నిలువుగా చూసుకోండి. చేయి ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తే ఏ వాచీ అయినా పెద్దదే. టైటానియం కాబట్టి ఆ కొలతకు తేలిక, స్టీలు బరువులో సగానికి కాస్త ఎక్కువ. తేలికగా ఉన్నది చవకది అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు స్టీలు చూపించేస్తాను.

తోలు బెల్టు వేసుకోవాలనుకుంటే మనకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే. ఆ తరవాత చెమటకు తోలు కుళ్ళుతుంది. ముదురు నీలం, బొగ్గు బూడిద, బాటిల్ గ్రీన్ ఈ డయళ్ళకు కుదురుతాయి. ఇటుకరంగు, తేనెరంగు బెల్టు వేశారంటే డయల్ మీది చల్లదనమంతా పోతుంది.

డబ్బు, కాగితాలు

అధీకృత డీలరు దగ్గర కొనండి. రెండు లక్షలు దాటితే పాన్ నంబరు అడుగుతారు. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, సంచితో వచ్చి మమ్మల్ని ఇబ్బంది పెట్టవద్దు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీ మీద 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టుకునే పన్ను, వసూలు చేస్తున్నారు. అది అదనపు పన్ను కాదు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా అనే ఐరోపా దేశాల కూటమితో వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల దిగుమతి సుంకం ఏడాదికి కొంత చొప్పున తగ్గుతుంది. అంతదాకా ఆగుదామా అని అడుగుతారు. కంపెనీలు ధరలు పెంచే వేగం చూస్తే ఆగి లాభం ఉంటుందని నాకు అనిపించదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు తెచ్చేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్‌కు ప్రకటించాలి. ఇక్కడ కొన్న ఖరీదైన వాచీ పెట్టుకుని బయటికి వెళ్ళేవాళ్ళు వెళ్ళేముందే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు మాటామంతీ ఉండదు.

పాత హెచ్ఎంటీలు వెతికేవాళ్ళకు ఒక మాట. యాభై ఏళ్ళ నాటి జనతా వాచీలో డయల్ మంచులా తెల్లగా, అక్షరాలు నిగనిగలాడుతూ ఉంటే దానికి కొత్తగా రంగు వేశారన్నమాట. వయసుకు తగ్గట్టు కాస్త మీగడరంగుకు తిరిగినదే నయం.

నిజమైన చలిలో

మినియాపొలిస్‌లోనో టొరంటోలోనో ఉన్నవాళ్ళు వాచీని చొక్కా చేతి కింద పెట్టుకుంటే ఒంటి వేడి దానికి సరిపోతుంది. రాత్రంతా కారులో వదిలేస్తే నూనె చిక్కబడి టైము తేడా వస్తుంది, లోపలికి తెచ్చాక దానంతట అదే సర్దుకుంటుంది. హీటరు మీద మాత్రం పెట్టవద్దు. బయటి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు అద్దం పైన ఆవిరి పడితే తుడిచేయండి. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఆ రోజే సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళండి, రబ్బరు సీలు పోయి తేమ చేరింది. మంచు తెలుపు డయల్ మీద తేమ మచ్చ పడితే దాన్ని తీయడం నాకు చేతకాదు, ఇంకెవరికీ చేతకాదు. డయల్ మార్చడమే.

చలికి మణికట్టు సన్నబడుతుంది. డిసెంబరులో కొని చైను బిగుతుగా లింకులు తీయించుకుంటే ఏప్రిల్‌లో గీరుకుంటుంది. తీసిన లింకులు బిల్లుతో పాటు డబ్బాలోనే పెట్టించుకోండి, ఎండలు ముదిరాక తీసుకొస్తే అర లింకు కలిపి ఇస్తారు. అధీకృత షాపులో కొన్న వాచీకి ఆ పనికి డబ్బు అడగరు. అడిగితే ఇవ్వకండి.